పాత డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నాను, తూటా పెట్టే ముందు ఏమేమి చూడాలి?

నిమ్మతోట
పోయిన వారం లైసెన్సున్న డీలరు దగ్గర పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ తీసుకున్నాను. బర్మింగ్‌హామ్‌లో చేసినది, వయసులో నాకంటే పెద్దది. లైసెన్సులో ఎక్కించుకున్నాను, కాగితాల చిక్కు లేదు. గొట్టాలు నల్లగా నిగనిగలాడుతున్నాయి. అయితే మూసి ఊపితే లోపల ఎక్కడో ‘టక్’ మంటోంది. ఇంతవరకు ఒక్క తూటా కూడా కాల్చలేదు.

రెండు గొట్టాలు
కాల్చకపోవడమే మంచిదైంది. ముందుగా తెరిచి, తూటాలు కూర్చునే రెండు గదులూ ఖాళీగా ఉన్నాయో లేదో మీ కళ్లతోనే చూసుకోండి. ఎవరో ఖాళీ అన్నారని నమ్మకండి. గొట్టాల కింద ఉండే ముందుచెక్క తగిలించి ఊపితే దాని బిగువు అసలు వదులును దాచేస్తుంది. దాన్ని తీసేసి గొట్టాలను మళ్లీ బిగించి, మడమ (భుజానికి ఆనించే చెక్క) గట్టిగా పట్టుకుని అటూ ఇటూ కదపండి. తరవాత మూసిన తుపాకీని కిటికీకి ఎదురుగా పట్టుకుని, గొట్టాల వెనక అంచుకూ అది ఆనే ఉక్కు ముఖానికీ మధ్య చూడండి. వెలుతురు దూరుతోందా? తెరవడానికి తిప్పే పైన మీట ఎక్కడ ఆగుతోంది? కొత్త తుపాకీలో మధ్యగీతకు కాస్త కుడివైపున ఆగుతుంది. అరిగేకొద్దీ మధ్యకు, ఆపైన ఎడమకు జరుగుతుంది.

నిమ్మతోట
మీట సరిగ్గా మధ్యలో ఆగుతోంది. ఎడమ గొట్టం దగ్గర వెలుతురు వెంట్రుకంత కనిపిస్తోంది. ముందుచెక్క తీస్తే టక్ ఇంకా స్పష్టంగా వినిపిస్తోంది.

పాత ఇనుము
నన్ను భయపెడుతున్నది టక్ కాదు, మీరు మురిసిపోతున్న ఆ నిగనిగ. అంత పాత తుపాకీకి అంత కొత్త నలుపు ఎలా వచ్చింది? ఇలాంటి జంట గొట్టాల మధ్య పట్టీలను తగరంతో మాటు వేస్తారు. ఇప్పటి తుపాకులకు నలుపు కోసం వాడే మరిగే క్షార ద్రావణంలో ముంచితే ఆ మాటు చెడిపోతుంది. అందుకే జంట గొట్టాలకు నెమ్మదిగా తుప్పు పట్టించి నలుపు తెప్పించే పాత పద్ధతే సరైనది. తొందరపడి మెరిపించినవాడు లోపల ఏం చేశాడో బయటికి తెలియదు.

గొట్టాలను విడదీసి, కింది కొక్కెం పట్టుకుని వేలాడదీసి, కర్ర పెన్సిలుతో తట్టండి. మాటు బాగుంటే గంటలా మోగుతుంది. వదిలి ఉంటే పగిలిన కుండ చప్పుడు వస్తుంది. తూటాలను బయటికి తోసే ముక్కలు గలగలమన్నా చప్పుడు మారుతుంది కాబట్టి, వాటిని వేలితో అదిమి పట్టి తట్టండి.

స్క్రూల గాట్లు కూడా చూడండి. చెదిరి ఉంటే ఇంతకు ముందు ఎవరో తగని స్క్రూడ్రైవరుతో విప్పినట్టే.

టెక్సాస్ వాసి
నాది కొత్త పంప్ తుపాకీ, డబ్బా విప్పింది నేనే. కొత్తది కదా, చూడడానికి ఏముంటుందనుకున్నాను. మొదటి రోజే కాల్చిన తూటా గదిలో ఇరుక్కుపోయి ఎంత లాగినా రాలేదు. ఫ్యాక్టరీ గ్రీజు పూర్తిగా తుడిచాక చూస్తే గదిలో కోత గరుకు అలాగే ఉంది. గన్‌స్మిత్ నునుపు చేశాక బాధ తీరింది. గరుకు కాగితం పుచ్చుకుని మీరే దిగకండి.

చెరువుగట్టు
గొట్టం లోపల చూడడం ఎవరూ చెప్పలేదేమిటి? శుభ్రంగా తుడిచి, విడదీసిన గొట్టాన్ని తెల్లటి ఆకాశం వైపు పెట్టి తిప్పుతూ చూడండి. సొట్ట ఉంటే నెలవంకలాంటి నీడ పడుతుంది. ఉబ్బు ఉంటే నల్లటి ఉంగరంలా చుట్టూ తిరుగుతుంది. మిరియాలు చల్లినట్టుంటే తుప్పు తిన్న గుంటలు.

నా అనుభవం వేరు. ఎన్నికల సమయంలో తుపాకీ అప్పగించినప్పుడు తోలు సంచీలోనే పెట్టి ఇచ్చాను. తోలు చెమ్మను పట్టి ఉంచుతుందని తట్టలేదు. తిరిగి తెచ్చుకునేసరికి ఒక పక్కంతా ఎర్రగా అయింది. ఇంకోసారి ఇంట్లోనే గొట్టం చివర కందిరీగ మట్టిగూడు కట్టింది. చూడకుండా కాల్చి ఉంటే గొట్టం చీలేది!

రెండు గొట్టాలు
గది పొడవు కూడా చూడండి. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావరకు రెండున్నర అంగుళాలవి, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పటి తూటాలు ఎక్కువగా 70.

మా తాత తుపాకి
మా తాత 65 గదిలో 70 తూటాలు కాల్చాడు. నున్నగా దిగేవి, ఏమీ కాలేదు.

పాత ఇనుము
దిగుతాయి, చిక్కంతా అక్కడే ఉంది. తూటా మీద రాసే పొడవు కాల్చాక మూతి విచ్చుకున్నప్పటిది. కాల్చకముందు అది పొట్టిగానే ఉంటుంది. కాల్చినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక, గొట్టం ఇరుకయ్యే చోట అడ్డుపడి ఒత్తిడి పెరుగుతుంది. తాతగారికి ఏమీ కాకపోవడం అదృష్టం. కొక్కేల దగ్గర కొట్టిన పరీక్ష ముద్రలు చదవండి. కిరీటం కింద ‘బీఎన్‌పీ’ ఉంటే 1954 తరవాత బర్మింగ్‌హామ్‌లో పొగలేని మందుకు పరీక్షించినది. అయితే ముద్ర ఆనాటి స్థితికే సాక్ష్యం. ఆ తరవాత ఎవరైనా గుంటలు పోగొట్టడానికి లోపల అరగదీసి ఉంటే గోడ పలచబడుతుంది. మందం కొలిపించండి. అర మిల్లీమీటరుకు తగ్గితే నేనైతే కాల్చను.

నిమ్మతోట
నిన్న డీలరు దగ్గరికే తీసుకెళ్లాను. ముద్ర ఉంది, గది 65. డమ్మీ తూటాలు పెట్టి చూస్తే సేఫ్టీ బాగానే పట్టింది, తూటాను పేల్చే సూదులు రెండూ నడిమధ్యనే కొట్టాయి. మడమ ఉక్కుతో కలిసే చోట జుట్టంత పగులు కనిపించింది. తరవాత జేబులోంచి కర్ర పెన్సిలు తీసి తట్టాను. పగిలిన కుండే. ఇంకోసారి తట్టబోతుంటే ఆయనే చెయ్యి అడ్డం పెట్టి, “మాటు వేయించి ఇస్తాను, ఉంచి వెళ్లండి” అన్నాడు. రసీదు రాయించుకుని వచ్చాను.

పాత ఇనుము
గోడ మందం కొలిచారా?

నిమ్మతోట
ఆ పరికరం ఆయన దగ్గర లేదట. కొలిపించి చూపిస్తేనే తీసుకుంటానని రసీదు మీదే రాయించాను.