పాత సినిమాలు తలలు తెగకుండా టీవీలో చూడాలంటే?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, సినిమాలూ తెలుగువే ఎక్కువ చూస్తాం. ఈ ఏడాది ఇంట్లో చూసినవాటిలో మనసు నింపింది 1957 నాటి ‘మాయాబజార్’, నలుపు తెలుపుల్లో. మార్కస్ బార్‌ట్లీ కెమెరాకు దండం పెట్టాలి. ‘లాహిరి లాహిరి’ పాటలో వెన్నెల చూస్తూ మా అమ్మ చిక్కుడుకాయ ఈనె తీయడం ఆపేసింది.

అస్సలు నచ్చనిది కూడా అదే సినిమా, ఇంకో కాపీ. ఘటోత్కచుడి కిరీటం పైభాగం తెరలోనే లేదు! చాలా బాధేసింది. ఆ కాలం ఫ్రేము వెడల్పు, ఎత్తుల నిష్పత్తి దాదాపు 4:3, ఇప్పటి టీవీలది 16:9, అంటే ఇంకా వెడల్పు. తెర నిండాలని కొందరు పైనా కిందా కోసేస్తున్నారు. అడ్డంగా సాగదీసి ఉంటే రిమోట్‌తో సరిచేసుకోవచ్చు, కోసేసిన బొమ్మ మాత్రం ఏ సెట్టింగుతోనూ తిరిగి రాదు.

పాత తెలుగు సినిమాలు పూర్తి ఫ్రేముతో ఉన్న అసలైన డిస్కులు ఎక్కడ దొరుకుతాయి? శ్రీకాకుళం, విశాఖల్లో అమ్మే షాపులున్నాయా? కొనేముందు ఫ్రేము కోయలేదని ఎలా పోల్చుకోవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. సంక్రాంతికి నాన్నగారికి ఇద్దామనుకుంటున్నాను.