అడగలేదు కాబట్టి చెప్పలే అంటే అది అబద్ధం కాదా?

పత్తిగింజ:
పోయిన వైశాఖంల మా చెల్లె లగ్గం చేసినం. మధ్యల ఉన్న పెద్దమనిషి చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్న. "పిలగాడు హైటెక్ సిటీల పెద్ద కంపెనీకి చేత్తాండు, పొద్దుగాల కారుల పోతడు రాత్రి కారుల వస్తడు, నెలకు 30 వేలకు తక్కువ పడది." మా నాయిన ఇంకేం అడగలే, ఎనుమాముల మార్కెట్ల పత్తి అమ్మిన పైసలన్ని వరపూజకే ఒడిసినయ్. లగ్గమైన పది రోజులకు తెలిసింది, బావ ఆ కంపెనీ వాళ్లను ఇండ్ల కాడి నుంచి ఆఫీసుకు తోల్కపోయే క్యాబ్ డ్రైవర్ అని. డ్రైవర్ అయితే ఏంది, కష్టం చేసుకుని బతుకుతాండు, దాంతోని నాకు పంచాయితీ లేదు. పెద్దమనిషిని నిలదీస్తే "ఒక్క మాటన్న అబద్ధం చెప్పిన్నా? మీరు అడిగిన్రా?" అంటడు. నిజంగనే ఒక్క మాట అబద్ధం లేదు. మరి మేం మోసపోయింది దేనితోని?

ఓరుగల్లు_బుల్లెట్:
కారుల పోతడు కారుల వస్తడు. పెద్దమనిషికి దండం పెట్టాలె

కమలాపూర్_కాక:
తమ్మీ, లగ్గం ముచ్చట్లల్ల ఇవన్ని ఉండేటియే. మన బమ్మెర పోతన్న ఎన్నడో చెప్పిండు, వైవాహికములందు బొంకవచ్చు, పాపం అంటదని. ఆడోళ్ల విషయంల, పెండ్లిల, పానం మీదికి వచ్చినప్పుడు, మానం పోయేటప్పుడు. అంత భక్తుడే అన్నంక మనమెంత. ఉన్నదున్నట్టు చెప్పుకుంట పోతె ఈ జిల్లాల సగం లగ్గాలు కావు. నువ్వు అడగాల్సింది అడగలే, ఇప్పుడు ఎదుటోని మీద పడితే ఎట్ల.

మడికొండ_మాస్టారు:
కాకా, ఆ పద్యం పోతన రాసిందే కానీ ఆ మాట అన్నది శుక్రాచార్యుడు. వామనుడికి దానం ఇస్తానన్న మాట తప్పమని బలిచక్రవర్తికి చెప్పే సందర్భం అది. బలి వినలేదు. రాజ్యాలేలిన రాజులు ఎంతమంది పోలేదు, ఏం కట్టుకపోయారు అని తిరిగి జవాబు చెప్పి దానం ఇచ్చేసిండు. సగం పద్యం పట్టుకొని పోతన అబద్ధమాడమన్నడు అనుడే ఇప్పుడు మనం మాట్లాడుకునే మోసం. మాటకు మాట నిజమే, మొత్తం చూస్తే తప్పు.

కమలాపూర్_కాక:
రాసింది పోతన్ననా కాదా? అది చెప్పు సారూ.

మడికొండ_మాస్టారు:
రాసుడు వేరు, అనుడు వేరు. నాటకంల దుర్యోధనుని వేషం కట్టినోడు ఇంటికి పోయి తమ్ముళ్ల భూమి గుంజుకుంటడా?

కమలాపూర్_కాక:
మా ఊర్లె గుంజుకున్నడు.

జమ్మికుంట_రైలు:
ధర్మరాజుది గూడ గిదే కేసు. అశ్వత్థామ సచ్చిండు అని గట్టిగ, ఏనుగు అని మెల్లగ. ఏనుగు సచ్చింది నిజమే. అయినా నాలుగు వేళ్ల ఎత్తున పోయే రథం నేలకు దిగింది.

మడికొండ_మాస్టారు:
ఒకటి మర్చిపోతున్నరు. ఆ ఏనుగు దానంతట అది చావలే. ఆ మాట నోట్లకెళ్లి రావడానికే భీముడు సంపిండు. అంటే ముందు ఏం అనుకునేటట్టు చెయ్యాలో తేల్చుకున్నరు, తర్వాత దానికి సరిపోయే నిజాన్ని తయారు చేసిన్రు. పత్తిగింజ, మీ పెద్దమనిషి చేసింది గదే. వినేటోడు ఏం అనుకుంటడో తెలిసి, గట్ల అనుకోవాలనే మాటలు ఏరిండు. అబద్ధం మాటల కాదు, ఏరుట్ల ఉన్నది.

కోర్టుచౌరస్తా:
చట్టం సంగతి చెప్త. హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ల, పెండ్లికి ఒప్పుకునుడు మోసంతోని జరిగితే, ఎదుటి మనిషి గురించిన ముఖ్యమైన సంగతి దాస్తే, పెండ్లి రద్దు అడగొచ్చు. మోసం తెలిసిన ఏడాదిలోపట వెయ్యాలె, తెలిసినంక ఇష్టపూర్తిగ కలిసి ఉంటే నడవది. ఉద్యోగం ముచ్చట ముఖ్యమైనదా కాదా అన్నది కేసును బట్టి చూస్తరు.

పత్తిగింజ:
రద్దు ఎవరడిగిన్రు అన్నా. మా చెల్లె మంచిగనే ఉన్నది. "నన్ను ఎడ్డిదాన్ని చేసిన్రు" అని ఒక్కటే మాట అంటది. అవునుగని కాకా, గింత వెనకేసుకొస్తున్నవ్, నువ్వు సుత సంబంధాలు కుదుర్చుతవా ఏంది? ఒక్క లగ్గానికి కమీషన్ ఎంత?

కమలాపూర్_కాక:
మాట జాగ్రత్త. కమీషన్ తిననీకి నేను బ్రోకర్ను కాదు, ఆడపిల్ల తండ్రిని. నా బిడ్డకు ఎనిమిదో తరగతిల ఫిట్స్ వచ్చినయ్. వరంగల్ పెద్ద డాక్టర్ కాడ చూపిచ్చినం, గోలీలు వేసుకుంటే ఆరేండ్ల సంది ఒక్కసారి రాలే. సంబంధాలు చూసేటప్పుడు మీ సార్ చెప్పినట్టే నిజం చెప్పిన, ఒక్కరికి కాదు ఏడుగురికి చెప్పిన. చాయ్ తాగుడు, ఫోన్ చేస్తం అనుడు, పోవుడు. అండ్ల ఒకడు మా చుట్టాలూర్లె కూసోని ముచ్చట వెట్టిండు. నేను ఫిట్స్ అని చెప్పిన, అది మా ఊరికి మర్లొచ్చేవరకు గాలి సోకిన పొల్ల అయింది, ఇంకో ఊర్లె పిచ్చిది అయింది. నా నిజం పోయి గిట్ల మారితే అది ఎవని పాపం? ఎనిమిదో సంబంధానికి నోరు మూసుకున్న. అయింది. మూడేండ్లు, మనుమడు గూడ ఉన్నడు. ఇప్పుడు అనున్రి నన్ను మోసగాడని.

కోర్టుచౌరస్తా:
కాకా మీద కోపం వద్దు. 1976 సవరణల పిచ్చితోని కలిపి మూర్ఛను గూడ పెండ్లికి అడ్డం పెట్టింది చట్టమే. 1999ల ఆ మాట తీసేసిన్రు.

కమలాపూర్_కాక:
కాయితంల తీసేసిన్రు. జనం నోట్లకెళ్లి ఎవరు తీసిన్రు?

పత్తిగింజ:
తప్పయింది కాకా, కమీషన్ మాట అనకుంట ఉండాల్సింది. గని ఒకటి అడుగుత. మీ అల్లునికి తెల్సా?

కమలాపూర్_కాక:
గోలీలు బలానికి అనుకుంటడు.

మడికొండ_మాస్టారు:
అంటే మూడేండ్ల సంది రోజుకొక్కసారి అబద్ధం. కాన్పప్పుడు డాక్టరమ్మకన్న చెప్పిన్రా? ఫిట్స్ గోలీలల్ల కొన్నిటితోని కడుపుల బిడ్డకు ప్రమాదం, మందు మార్చాల్సి వస్తది. ఇది పాపపుణ్యాల సంగతి కాదు కాకా.

కమలాపూర్_కాక:
చెప్పినం సారూ. మా ఇంటికి తోల్కొచ్చుకున్నంక చెప్పినం.

రామగుండం_పొల్ల:
ఎన్నడు రాయని దాన్ని, ఇయ్యాల రాస్తున్న. నాకు ఫిట్సే. మా నాయిన గూడ దాచిండు. ఐదేండ్లు కొబ్బరినూనె సీస ఎనక గోలీలు పెట్టుకొని, ఆయన స్నానానికి పోయినప్పుడు మింగిన. ఒక పండుగ నాడు మర్చిపోయిన, బతుకమ్మ ఆడుకుంట అందరి ముందట పడ్డ. మీరు పొద్దటి సంది పోతనంటరు, ధర్మరాజంటరు, అల్లునికి తెల్సా అంటరు. ఏడు సంబంధాలకు చెప్పేటప్పుడు గని, ఎనిమిదోదానికి దాచేటప్పుడు గని కాకా బిడ్డను ఎవరన్న అడిగిన్రా, చెప్పుదమా వద్దా అని? నన్నైతే అడగలే. జబ్బు నాది, మాట మా నాయినది.

ఓరుగల్లు_బుల్లెట్:
అక్కా...

కమలాపూర్_కాక:
పడ్డంక ఏమన్నరమ్మా మీ ఇంట్ల?

రామగుండం_పొల్ల:
మా అత్త ఉరికొచ్చి చేతిల తాళపుచెవుల గుత్తి పెట్టింది. తిట్టలే. ఆయన మాత్రం నెల రోజులు సక్కగ మాట్లాడలే. పడ్డందుకు కాదట, నూనె సీస ఎనక దాచినందుకట.

పత్తిగింజ:
మా చెల్లె గూడ డ్రైవర్ అని ఏడ్వలే.

కమలాపూర్_కాక:
ఆదివారం ఐనవోలు మల్లన్న కాడికి పోదమని అల్లుడే ఫోన్ చేసిండు. మంచోడే. పోయేటప్పుడు దారిల నేనే చెప్పాల్నా అని చూస్తున్న.

రామగుండం_పొల్ల:
మళ్ల నువ్వేనా కాకా? ఫోన్ చెయ్యి బిడ్డకు.