వెండి రాయికి సాంద్రత పదిన్నర రావట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

నల్లకుంట కుర్రోడు: మధ్యాహ్నం నుంచి ఇదే పని, బుర్ర వేడెక్కిపోయింది. వెండి సాంద్రత మి.లీ.కి 10.5 గ్రాములు కదా. నా రాయి 228 గ్రాములు. నీళ్ళలో వేస్తే 30 మి.లీ. పైకొస్తున్నాయి. ఏడుసార్లు చేశా, ప్రతిసారీ 7.6 దగ్గరే ఆగుతోంది. వాడింది నల్లా నీళ్ళు. బోరు నీళ్ళయితే తేడా వస్తుందా?

రాళ్ళపిచ్చి: వెండి కాదు.

నల్లకుంట కుర్రోడు: ఎందుకు కాదు సార్? బాగా మెరుస్తోంది.

రిటైర్డ్ మాస్టారు: నాయనా, మెరుపు చూసి మోసపోకు. భూమిలో దొరికే సహజ వెండి చాలాసార్లు పైకి నల్లగానే ఉంటుంది. గంధకం తగిలి సల్ఫైడ్ పొర కడుతుంది. గాలికి తుప్పు పట్టిందంటారు జనం, అదే నాకు మండుతుంది! మామూలు వేడిలో ఆక్సిజన్ వెండి జోలికి రాదు. వెండి చెంచాతో కోడిగుడ్డు తిని చూడు, అందులోని గంధకానికి నల్లబడుతుంది. నార్వేలో కోంగ్స్‌బర్గ్ గనుల్లో అయితే వెండి తీగల్లా మెలికలు తిరిగి దొరికేది.

బోడుప్పల్ బాబాయ్: మన గ్రానైట్‌లో మెరిసే మైకా అయ్యుంటుంది.

రాళ్ళపిచ్చి: మైకా 3 దగ్గరే ఆగుతుంది. లెక్క చూడండి. తమ్ముడూ, రాయి ఎక్కడిది? కొడితే ఏమైంది?

నల్లకుంట కుర్రోడు: చెప్పలేదా? వినుకొండ దగ్గర తాతగారి ఊరిది. సీసం రంగు. పచ్చడి రోట్లో వేసి కొట్టా, చిన్న చిన్న డబ్బాల్లా విరిగింది.

రాళ్ళపిచ్చి: అది ముందే చెప్పాలి! వెండి అయితే దెబ్బకి రేకులా సాగుతుంది, విరగదు. ఇది గెలీనా, అంటే సీసం, గంధకం కలిసిన ఖనిజం (సీసం సల్ఫైడ్). సాంద్రత 7.4 నుంచి 7.6. నీ కొలత సరిగ్గానే ఉంది. అటువైపు అగ్నిగుండాల దగ్గర సీసం గని ఉండేది.

నల్లకుంట కుర్రోడు: గెలీనాలో వెండి ఉంటుందని చదివా. అయితే వెండి ధాతువేగా?

రాళ్ళపిచ్చి: కొన్నింట్లో కొంచెం ఉంటుంది. రాజస్థాన్‌లో సీసం, జింకు తీస్తూ వెండి కూడా రాబడతారు. నీ రాయిలో ఎంతుందో ల్యాబ్‌లోనే తేలాలి. లాభానికి తీయగలిగితేనే ధాతువు, లేకపోతే ఉత్త ఖనిజం.

రిటైర్డ్ మాస్టారు: ధాతువంటే లోహమనే అర్థం కూడా ఉంది. ముడిఖనిజం అనండి.

కెమిస్ట్రీ అక్క: మాటల గొడవ తర్వాత. పచ్చడి రోట్లో కొట్టాడు, అది సీసం పొడి! ఆ రోలు ఇక వంటకి వద్దు. చేతులు సబ్బుతో కడుక్కో.

నల్లకుంట కుర్రోడు: అమ్మో. ఇంకా అమ్మకి చెప్పలేదు. థాంక్స్ అక్కా.

రిటైర్డ్ మాస్టారు: ఏమైనా సరే, ముడిఖనిజం అనే అనండి.