గుడారాల పండుగ మండుటెండల్లోనే చేయాలా?

సోంపేట తమ్ముడు:
అందరికీ వందనాలు. మా క్రైస్తవ సంఘంలో ఏటా మే రెండో వారంలో మూడు రోజులు గుడారాల పండుగ జరుగుతుంది. సోంపేట, కవిటి, మందస వైపు పల్లెల జనం చాపలు, దుప్పట్లు మూటగట్టుకుని వచ్చి పొలంలోనే ఉంటారు. వంట ఒకేచోట, పడక టార్పాలిన్ల కింద. పోయిన ఏడాది రెండో రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకు, వాక్యం (బైబిలు ప్రసంగం) నడుస్తుండగానే, మా పెద్దమ్మ కూర్చున్నచోటే పక్కకు ఒరిగిపోయింది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. చెమట చుక్క లేదు. తడి తువ్వాలు చుట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. దేవుని దయవల్ల బతికింది. ఈ పండుగను సంక్రాంతి తర్వాతకు మార్చాలని అప్పటినుంచీ అడుగుతున్నాను. పెద్దలు ఒప్పుకోవడం లేదు. వచ్చే ఆదివారం సంఘంలో దీనిమీద మాట్లాడతారు. మీ దగ్గర ఎలా చేస్తున్నారో చెప్పండి.

టెక్కలి అన్నయ్య:
తమ్ముడూ, పెద్దమ్మ కోలుకున్నందుకు దేవునికి స్తోత్రం. కానీ జనవరిలో పొలం ఏది? వరి కోసిన మళ్లలో అప్పటికే మినుము, పెసర ఉంటాయి. పొలం దొరికినా మనుషులు ఉండరు. సగం మంది హైదరాబాదులో, చెన్నైలో పనుల్లో ఉంటారు. పిల్లలకు బడి. మా చిన్నోడు గుజరాత్ వెరావల్‌లో బోటు మీద పని చేస్తాడు, మే నెలలో గానీ ఇంటికి రాడు. మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కాబట్టి రేవుల్లో వాళ్లూ ఇంటిపట్టునే ఉంటారు. నెల మారిస్తే ముసలివాళ్లం నలుగురమే కూర్చుని పాడుకోవాలి. తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు మన వైపువారే. ఆయన కీర్తన రాత్రి పదింటికి మూడు తరాలు కలిసి ఎత్తుకుంటే ఆ సంతోషం వేరు. అది పోగొట్టుకోలేం.

బొబ్బిలి చెల్లి:
అన్నయ్యా, లేఖనం ప్రకారం చూసినా ఇది వేసవి పండుగ కాదు. లేవీయకాండం 23లో ఏడవ నెల 15వ రోజున మొదలై ఏడు రోజులు అని ఉంది. మన లెక్కలో సెప్టెంబరు, అక్టోబరు. కళ్లంలో ధాన్యం ఎత్తాక చేయమని ద్వితీయోపదేశకాండం 16లో ఉంది. పైగా మన బైబిల్లో దాని పేరు పర్ణశాలల పండుగ. ఆకు పందిళ్లు మానేసి నీలం టార్పాలిన్ కింద కూర్చోబెడితే మనుషులు ఉడికిపోరా? దసరా సెలవుల్లో పెట్టుకోండి. పిల్లలూ ఉంటారు.

టెక్కలి అన్నయ్య:
చెల్లెమ్మా, ఉద్దానంలో అక్టోబరు మాట ఎత్తకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చింది. అంతకుముందు మా కూటాలు కొబ్బరితోటలోనే జరిగేవి. మిట్టమధ్యాహ్నం కూడా ఎండ తెలిసేది కాదు. ఒక్క రాత్రిలో తోట నేలమట్టమైంది. మేం బట్టబయల్లోకి వచ్చింది అందుకే. ఇక ఆకు పందిరి అంటావా, మే నెలలో ఎండిన కమ్మలు, పక్కనే గాడిపొయ్యి. ఒక్క నిప్పురవ్వ చాలు. పిల్లలు పడుకునే చోట నేను ఒప్పుకోను.

కవిటి నర్సమ్మ:
నేను ఏఎన్‌ఎంని, పల్లెల్లో తిరిగే ప్రభుత్వ నర్సుని. ఇక్కడ కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఎందుకు వస్తోందో ఇప్పటికీ తేలలేదు గానీ, ఎండలో ఒంట్లో నీరు తగ్గిపోవడం కిడ్నీలకు చెడు చేస్తుందన్న దాంట్లో అనుమానం లేదు. మీరంతా నెల గురించి మాట్లాడుతున్నారు. నేను ఇంకోటి అడుగుతాను: మీ కూటాల్లో ఆడవాళ్లకు మరుగుదొడ్లు ఎన్ని?

నేను వెళ్లిన ఒక కూటంలో నీళ్ల డ్రమ్ములు నిండుగానే ఉన్నాయి. ఆడవాళ్లు మాత్రం గ్లాసు ముట్టుకోవడం లేదు. ఎందుకమ్మా అంటే ఒకావిడ నా చెవిలో చెప్పింది, "తాగితే ఎక్కడికి పోవాలి?" అని. పొద్దున్నించి చీకటి పడేదాకా ఆపుకుని కూర్చుంటున్నారు. ఈ పద్ధతి మారకుండా జనవరికి మార్చినా ఆడవాళ్లు నీళ్లు తాగరు. ఇంకో మాట. నేల మీద పడుకుని ఒళ్లు నొప్పులని కొట్లో నొప్పి మాత్రలు కొని మింగుతున్నారు. ఒంట్లో నీరు లేనప్పుడు అవి కిడ్నీల మీదే దెబ్బ కొడతాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లను మాత్రం తాగు తాగు అని బలవంతపెట్టకండి. వాళ్లకు డాక్టరు చెప్పిన కొలతే.

సోంపేట తమ్ముడు:
నర్సమ్మగారూ, మీ మాట చదివి రాత్రి పెద్దమ్మను అడిగాను. మొదట నవ్వి ఊరుకుంది. గట్టిగా అడిగితే చెప్పింది. ఆ రోజు తెల్లారగట్ల నాలుగింటికి గట్టు వైపు వెళ్లొచ్చి, మళ్లీ మగాళ్ల మధ్యలోంచి వెళ్లాలంటే సిగ్గేసి, ఒరిగిపోయేదాకా గుక్కెడు నీళ్లు తాగలేదట. నేను ఆవిడకు పది అడుగుల దూరంలో మైకు సరిచేస్తూ ఉన్నాను. నాకు తట్టలేదు. ఈ ఏడూ వస్తానంటోంది. చెన్నైలో ఉన్న చెల్లెలిని చూసేది అక్కడేనట.

నెల మార్చాలన్న మాట వదిలేస్తున్నాను. పదకొండు నుంచి నాలుగున్నర దాకా మాత్రం కూటం ఉండకూడదు. దానిమీద వెనక్కి తగ్గను.

టెక్కలి అన్నయ్య:
మధ్యాహ్నం వాక్యం ఆపాలంటే మా పాస్టరయ్యగారికీ కష్టంగానే ఉంటుంది. దూరం నుంచి వచ్చిన ప్రసంగీకులకు సమయం ఇవ్వాలి కదా. అయినా తమ్ముడు చెప్పిందే న్యాయం, నేనూ అడుగుతాను. తెల్లవారి ఐదున్నరకు మొదలుపెట్టి తొమ్మిదికల్లా ముగించి చోడి (రాగి) అంబలి పోయొచ్చు. మరుగుదొడ్లకు మా ఊళ్లో గోతులు తీసి చుట్టూ తాటాకు దడి కట్టాం, పొయ్యిలకు చాలా దూరంగా. ముప్పైమంది ఆడవాళ్లకు ఒకటి చొప్పున వేశాం.

కవిటి నర్సమ్మ:
ముప్పైకి ఒకటి చాలదు అన్నయ్యా, పొద్దున పూట అందరూ ఒకేసారి లేస్తారు. ఇరవైకి ఒకటి వేయండి. లోపల బకెట్‌తో నీళ్లు, రాత్రికి బల్బు, మగవాళ్లు నడిచే దారికి అవతలి వైపు. తమ్ముడూ, ఆదివారం మాట్లాడేటప్పుడు మీ పెద్దమ్మను కూడా తీసుకెళ్లు. ఒప్పుకుంటే తననే చెప్పనీ.