చీల్చి మూడు నెలలైంది, చింత కర్రల నుంచి ఇంకా పొగే వస్తోంది

మాది గజపతి జిల్లా, పర్లాకిమిడి దగ్గర పల్లె. గాలికి పడిపోయిన చింతచెట్టుని మే చివర్లో కోయించి అడుగున్నర మొద్దులు చేయించాం. కొమ్మలు ఎప్పుడో ఆరిపోయాయి, అదే రోజు చీల్చిన మామిడి కూడా బాగానే మండుతోంది. బాధంతా చింత బోదెతోనే. పీచు మెలితిరిగి ఉండటంతో గొడ్డలి దిగి ఇరుక్కుపోతోంది, ఇనప చీలలు పెట్టి సమ్మెటతో కొడితే జానెడు మందం ముక్కలయ్యాయి గానీ అంతకన్నా సన్నగా చీలడం లేదు.

ఇప్పుడు ఆగస్టు చివర. పొయ్యిలో పెడితే కొసల నుంచి నురగ వచ్చి సుయ్‌మంటుంది, పావుగంట దాకా మంట లేదు, ఇల్లంతా పొగ, అమ్మకి ఒకటే దగ్గు. రెండు ముక్కలు కొట్టి చూస్తే మామిడి టక్కున మోగుతుంది, ఇది దబ్‌మంటుంది, అంటే లోపల పచ్చే అనుకుంటున్నా.

ఇటుకల మీద పేర్చాం, వానకి తడవకుండా నాలుగు వైపులా టార్పాలిన్ కప్పాం, ఎండ వచ్చిన రోజు తీసి పరిచాం, పొయ్యి పక్కన రాత్రంతా పెట్టి చూశాం. ఎండు సరుగుడు కర్రలు మూడింటికి ఇది ఒకటి చొప్పున కలిపితే మాత్రం అంటుకుంటుంది, ఆ నిప్పు చాలాసేపు నిలుస్తుంది కూడా, అందుకే పారేయడానికి మనసు రావట్లేదు. కానీ రోజూ సరుగుడు కొనలేం.

ఇంత మందం చింత ముక్కల్ని ఈ వానల్లోనే లోపలి దాకా ఆరబెట్టాలంటే ఎలా పేర్చాలి, ఎలా కప్పాలి? చేసి చూసినవాళ్లు చెప్పండి.