1990 ఎఫ్-150 ముందు యాక్సిల్: డ్రాప్ బ్రాకెట్లా, సాలిడ్ యాక్సిలా?

బండి 1990 ఫోర్డ్ ఎఫ్-150 ఫోర్ వీల్ డ్రైవ్. ముందు డానా 44 టీటీబీ, అంటే రెండు బీములూ వేటికవే ఆడే యాక్సిల్. పొడుగు కాయిల్ స్ప్రింగులతో 4 అంగుళాలు ఎత్తాను, బీములను ఫ్రేముకు పట్టి ఉంచే పివట్ బ్రాకెట్లు పాతవే. అప్పట్నుంచి ముందు టైర్లు రెండూ బయటి అంచునే అరుగుతున్నాయి. చెయ్యి పెట్టి చూస్తే బయటి వరుస నున్నగా ఉంది, లోపలి గాళ్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి.

బాల్ జాయింట్లు, పివట్ బుష్‌లు, రేడియస్ ఆర్మ్ (యాక్సిల్ ముందుకీ వెనక్కీ జరగకుండా పట్టే కడ్డీ) బుష్‌లు మార్చాను. క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా పక్కకి వాలే కోణం, సరిచేసే బుష్ చివరిదాకా తిప్పేశాను. బండిని కాస్త నడిపి స్ప్రింగులు కుదురుకున్నాకే క్యాంబర్ కొలిచాను: ఎడమ ప్లస్ 2, కుడి ప్లస్ 1.5 డిగ్రీలు (ప్లస్ అంటే చక్రం పైభాగం బయటికి వాలినట్టు). టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగే కోణం) సరిగ్గానే ఉంది.

1979 ఎఫ్-150 సాలిడ్ డానా 44, అంటే రెండు చక్రాల మధ్య ఒకే గట్టి యాక్సిల్, ఒకటి దొరుకుతోంది. దానికీ డిఫరెన్షియల్ ఎడమవైపే. కానీ యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే ట్రాక్ బార్‌కి బ్రాకెట్ వెల్డింగ్ పని పెద్దది.

పివట్‌లనీ రేడియస్ ఆర్మ్‌లనీ కిందికి దించే డ్రాప్ బ్రాకెట్లు వేస్తే క్యాంబర్ అర డిగ్రీలోపు వస్తుందా, లేక సాలిడ్ యాక్సిల్ వేయాల్సిందేనా?