ఉస్మానియాలో సంస్మరణ ఊరేగింపులు ఆర్ట్స్ కళాశాల ముందుకే ఎందుకు చేరుతాయి? కొత్త భవనాలతో ఆ దారులు మారుతాయా?

ప్రశ్న (ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని)

అందరికీ నమస్కారం. మాది నారాయణపేట దగ్గర ఒక పల్లె. ప్రస్తుతం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతున్నాను. ఏప్రిల్ 14న ఉదయం అంబేడ్కర్ జయంతి ఊరేగింపులో నడిచాను. 1972లో అదే తేదీన ఈ ప్రాంగణంలోని ఇంజినీరింగ్ కళాశాల హాస్టల్ దగ్గర విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి హత్యకు గురయ్యారు కదా, ఆయన వర్ధంతికి సాయంత్రం కొవ్వొత్తులు పట్టుకొని బయలుదేరినవారి వెంట కూడా వెళ్లాను. రెండు ఊరేగింపులూ వేర్వేరు చోట్ల మొదలయ్యాయి కానీ చివరకు రెండూ ఆర్ట్స్ కళాశాల మెట్ల ముందుకే చేరాయి. ఎవరూ ఎవరికీ దారి చెప్పలేదు, అయినా అందరి కాళ్లకూ ఆ దారి తెలుసు.

సెమినార్ పత్రానికి ఈ విషయాన్నే తీసుకోవాలనుకుంటున్నాను. ఆ భవనం కట్టకముందు విద్యార్థులు ఎక్కడ గుమిగూడేవారు? ఇప్పుడు ప్రాంగణంలో కొత్త వసతిగృహాలు వస్తున్నాయి. అలాంటప్పుడు ఈ నడక దారులను, గుమిగూడే చోట్లను కూడా లెక్కలోకి తీసుకోవాలని అడగడం సబబేనా, లేక గది దొరకక ఇబ్బంది పడే విద్యార్థుల ముందు అది అనవసరమైన మాటవుతుందా? తెలిసినవారు చెప్పగలరని మనవి.

జవాబు 1 (విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ)

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు, అయితే దాన్ని కొంచెం వెనక్కి జరపాలి. విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది, 1919లో తరగతులు మొదలయ్యాయి. అప్పుడు ఇప్పటి ప్రాంగణం ఉన్న అడిక్‌మెట్‌లో ఏమీ లేదు, చదువులన్నీ గన్‌ఫౌండ్రీ వైపు ఉన్న భవనాల్లో సాగేవి. ఆర్ట్స్ కళాశాలకు శంకుస్థాపన జరిగింది 1934 జులై 5న, ప్రారంభోత్సవం జరిగింది 1939 డిసెంబరు 4న. ఈ రెండు తేదీల మధ్యలో, 1938 చివర్లో, వందేమాతరం ఉద్యమం వచ్చింది. హాస్టల్ ప్రార్థన గదిలో ఆ గీతం పాడవద్దన్నందుకు విద్యార్థులు తరగతులు విడిచి బయటకు వచ్చారు, వందల మంది బహిష్కరణకు గురయ్యారు, వారిలో చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అంటే ఈ ప్రాంగణపు తొలి పెద్ద ఉద్యమం నాటికి నువ్వు చెప్పే మెట్ల మీద ఇంకా ఎవరూ కూర్చోలేదు. అది పుట్టింది వసతిగృహంలో.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చినప్పుడు నేను ఎం.ఎస్సీ. మొదటి సంవత్సరంలో ఉన్నాను. మరుసటి రోజు ఏం చేయాలన్నది మెస్‌లో రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడే తేలేది. ఉదయం ఒక హాస్టల్ నుంచి ఇరవై మంది బయలుదేరితే, పక్క హాస్టల్ దాటేసరికి వంద మంది అయ్యేవారు. ఆ ఏడాది చదువు సాగలేదు. మా ఊరి నుంచి నాన్న వచ్చి హాస్టల్ ముందు నిలబడి ఇంటికి రమ్మని బతిమాలారు, నేను వెళ్లలేదు. ఆ నాటి అమరులకు గన్‌పార్కులో స్తూపం ఉంది, కానీ నాకు మాత్రం ఆ పిల్లలు గుర్తుకొచ్చేది స్తూపం దగ్గర కాదు, మెస్‌కు వెళ్లే దారిలో.

కాబట్టి నీ పత్రంలో ఆర్ట్స్ కళాశాలను చేరే చోటుగా రాయి, బయలుదేరే చోటుగా హాస్టళ్లను రాయి. అంబేడ్కర్ ఊరేగింపు గురించి రాస్తే మరో మాట కూడా చేర్చు: 1953 జనవరి 12న ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది ఈ విశ్వవిద్యాలయమే.

జవాబు 2 (ఆర్కిటెక్ట్, సికింద్రాబాద్)

పెద్దసారు చెప్పినదాన్ని గౌరవిస్తూనే, ఆ చేరే చోటు అక్కడే ఎందుకు కుదిరిందో భవన నిర్మాణం వైపు నుంచి చెప్తాను. ఆర్ట్స్ కళాశాల నమూనా కోసం నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు ఇంజినీర్లు అనేక దేశాలు తిరిగి విశ్వవిద్యాలయాలను చూశారు. ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌ను వారే హైదరాబాదుకు రప్పించారు. లోపలి స్తంభాలు అజంతా, ఎల్లోరా గుహలను గుర్తుచేస్తాయి, ముఖద్వారపు ఎత్తైన కమాను ఇస్లామీ సంప్రదాయంలోనిది, గోడలన్నీ మన నేల మీద దొరికే గ్రానైటు. ఇవి పుస్తకాల్లో దొరికే సంగతులే. పుస్తకాల్లో తక్కువగా కనిపించే సంగతి ఒకటుంది: ఆ భవనానికి ముందున్న ఖాళీ కూడా నమూనాలో భాగమే. మెట్ల మీద నిలబడినవాడు ఎదురుగా ఉన్న వేల మందికి కనిపిస్తాడు, వెనక ఉన్న కమాను అతనికి నేపథ్యంగా నిలుస్తుంది. సభ పెట్టాలనుకున్నవారికి వేదిక కట్టుకోవలసిన అవసరమే ఉండదు.

మన ఊళ్లలో ఇంటికి అరుగు ఎలాంటిదో పెద్ద విద్యాసంస్థకు ఇలాంటి ఖాళీ అలాంటిది. అరుగు తీసేసి ఆ జాగాలో ఒక గది వేస్తే ఇల్లు పెద్దదవుతుంది, కానీ సాయంత్రం పూట ఎవరూ వచ్చి కూర్చోరు. కొత్త కట్టడాలకు నేను అడ్డు చెప్పడం లేదు. పాత భవనం ఎదుటి చూపును మూసేలా ఏదీ లేవకూడదని, ప్రతి కొత్త హాస్టల్ ముందు కనీసం రెండు మూడు వందల మంది నిలబడగల నీడపట్టు జాగా వదలాలని, హాస్టళ్ల నుంచి ఆర్ట్స్ కళాశాలకు వాహనాలు అడ్డురాని నడక బాట ఉండాలని మాత్రం గట్టిగా కోరుతున్నాను. గ్రానైటులోనే కట్టాలని అనడం లేదు. అంత ఖర్చు ఈ రోజుల్లో ఎవరూ పెట్టలేరు.

జవాబు 3 (పరిశోధక విద్యార్థి, నల్లగొండ జిల్లా)

అక్కా, మీరు చెప్పిన మూడింటిలో నడక బాట గురించి నాకు పూర్తి సమ్మతమే. హాస్టల్ ముందు జాగా విషయంలో మాత్రం కొంత విభేదిస్తాను. నేను ఒక మిత్రుడి గదిలో రెండేళ్లు నాన్‌బోర్డర్‌గా, అంటే నా పేరున హాస్టల్ సీటు లేకుండా, ఉండి చదువుకున్నాను. ఆ చాప మీద చోటు దొరకకపోతే నేను ఊరికి తిరిగి వెళ్లిపోయేవాడిని. అందుకే ఒక బ్లాకుకు, ఒక ఆవరణకు మధ్య ఎంచుకోవలసి వస్తే నేను బ్లాకునే ఎంచుకుంటాను. 2025 ఆగస్టులో దుందుభి, భీమ అనే రెండు కొత్త వసతిగృహాలు ప్రారంభమైనప్పుడు మా ఊరి పిల్లల ముఖాలు గుర్తుకొచ్చి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. రెండూ మన పాలమూరు వైపు పారే నదుల పేర్లు కావడం ప్రశ్న అడిగిన చెల్లెకు కూడా నచ్చే ఉంటుంది.

పెద్దసారు చెప్పినట్టు ఊరేగింపులు హాస్టళ్లలోనే పుడతాయి కాబట్టి, కొత్త హాస్టల్ కడితే జ్ఞాపకాలకు ముప్పు రాదని నా అభిప్రాయం. నాకున్న చింత వేరు. మన ప్రాంగణంలో ముఖ్యమైన సంఘటనలు జరిగిన చోట్లు అన్నీ భవనాలు కావు. 2010 జనవరి 3న ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థి గర్జన సభ జరిగిన ఆర్ట్స్ కళాశాల మైదానం అందరికీ తెలుసు. అదే ఏడాది ఫిబ్రవరి 20న అసెంబ్లీ ముట్టడికి విద్యార్థులు బయలుదేరినప్పుడు సిరిపురం యాదయ్య నిప్పంటించుకున్నది ఎన్‌సీసీ గేటు దగ్గర. అది గేటు, రోడ్డు, అంతే. రేపు రోడ్డు వెడల్పు చేస్తే, గేటు జరిపితే, ఆ చోటు ఎక్కడో చూపించగలిగేవారు ఉండరు. కట్టడానికి ముందు నేల పరీక్ష చేయిస్తారు, చెట్లు లెక్కిస్తారు. అదే విధంగా ఆ నేల మీద ఏం జరిగిందో చరిత్ర విభాగాన్ని అడిగి నమోదు చేయించే పద్ధతి ఒకటి రావాలి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఆర్ట్స్ కళాశాల చుట్టూ పత్రం రాద్దామని మొదలుపెట్టాను, ఇప్పుడు వసతిగృహాల నుంచి రాయాలని నిశ్చయించుకున్నాను. ఏ హాస్టల్ ఏ ఏడు కట్టారో ఒక పటం మీద గుర్తించి, ఒక్కో కాలంలో ఊరేగింపులు నడిచిన దారులను దాని మీద గీయాలని ఆలోచన. అక్క చెప్పిన అరుగు పోలికను ఆమె అనుమతితో వాడుకుంటాను.

సార్, మీరు 1969లో హాస్టల్ నుంచి ఏ దారిన నడిచారో గుర్తున్నంత వరకు చెప్పగలరా? ఇప్పుడు రోడ్లు మారి ఉంటాయి కాబట్టి చెట్టు, బండ, గేటు, ఏ గుర్తు చెప్పినా నాకు ఉపయోగపడుతుంది.

జవాబు 1 కొనసాగింపు (విశ్రాంత అధ్యాపకుడు, హన్మకొండ)

తప్పకుండా చెప్తానమ్మా, కానీ రాసి చెప్పడం కుదరదు, నడిచి చూపించాలి. వచ్చే నెల కంటి పరీక్షకు హైదరాబాదు వస్తున్నాను. ఉదయం ఎండ ముదరకముందే ఆర్ట్స్ కాలేజీ రైల్వే స్టేషన్ దగ్గర దిగుతాను. పటం కాగితం, పెన్సిలు తెచ్చుకో. నీతో చదివే పిల్లలు ఎవరైనా వస్తామంటే వాళ్లనూ తీసుకురా.